మిల్లు కోన్లతో అరక్కోణం విమానం

పోయిన నెల ఈ పేజీలో పెన్షన్ కోసం ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ గురించి రాసినాను. అది చదివి కాలనీలో నలుగురైదుగురు మా ఇంటికే వచ్చి అడిగినారు. సంతోషం. ఈ నెల కాగితాల గోల లేదు. మా ఇంటి ముందర గదిలో దారానికి వేలాడుతున్న ఒక విమానం సంగతి రాస్తాను. ఆ ఇంటికి వచ్చినవాళ్లే దాన్ని చూసి, ‘‘ఏంది మేస్త్రీ, ఈ వయసులో బొమ్మలాటా?’’ అని నవ్వినారు. నవ్వనీ. ఈ బొమ్మలాట వల్ల నాకు తెలిసొచ్చిన సంగతి ఒకటి ఉంది, అది చెప్పుకోవడానికి నాకు కొంచెం సిగ్గుగా కూడా ఉంది.

మా పెద్దమ్మాయి కాపురం తిరుత్తణిలో. ఆమె కొడుకు ఏడో తరగతి. నేను తిరువళ్లూరులో ఉంటాను. సెలవులు వస్తే వాడు మా ఇంటికి వస్తాడు, లేకుంటే నేనే రైలెక్కి పోతాను. మధ్యలో అరక్కోణం. ఆ దారిన తిరిగిన వాళ్లకి అక్కడి నేవీ విమానాలు కొత్త కాదు. రాజాలి అనే ఆ స్థావరం 1992లో మొదలైంది. అప్పటినుంచి పాతికేళ్లు ఒక పెద్ద రష్యా విమానం మన తలల మీద తిరిగింది. పేరు టియు-142. టుపొలేవ్ కంపెనీ వాళ్ల తయారీ. సముద్రంలో జలాంతర్గాములు యాడ దాక్కున్నాయో వెతకడం దాని పని. మన నేవీకి ఎనిమిది వచ్చినాయి, 1988లో. మొదట గోవాలో ఉండి, తర్వాత అరక్కోణం చేరినాయి.

దాని చప్పుడు వినని వాళ్లకి చెప్పడం కష్టం. మామూలు జెట్ విమానం ఈలేసినట్టు పోతుంది. ఇది అట్ల కాదు. నేల అదిరే ఒక లోతైన గుర్రుమనే మోత. దానికి నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజనుకు ముందొకటి వెనకొకటి రెండు పంకాలు, ఒకటి ఇటు తిరిగితే ఇంకోటి అటు తిరుగుతుంది. ఒక్కో పంకాకు నాలుగు రెక్కలు. అంటే మొత్తం ముప్పై రెండు రెక్కలు గాలిని కోస్తాంటే ఆ మోత రాక ఏమొస్తుంది? జాకార్డు మగ్గాలు వంద ఒకేసారి నడిచే షెడ్డు పక్కన నిలబడినట్టు ఉంటుంది. మా అమ్మాయి పుట్టిన కొత్తలో ఆ చప్పుడుకి ఉలిక్కిపడి ఏడ్చేది. తర్వాత తర్వాత అది వినపడకుంటేనే నిద్ర పట్టేది కాదు.

2017 మార్చిలో అన్నింటికీ రిటైర్‌మెంట్ ఇచ్చినారు. అప్పటికి మనవడు చంటిబిడ్డ, వాడు దాన్ని ఎగరగా చూడలేదు. కాని పోయిన ఏడు విశాఖపట్నం పెళ్లికి పోయినప్పుడు బీచ్ రోడ్డులో చూసినాడు. ఆ విమానాల్లో ఒకదాన్ని విప్పి, మళ్లీ బిగించి, అక్కడ మ్యూజియం పెట్టినారు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని తెరిచినారు. రోడ్డుకు ఆ పక్క కురుసుర అనే జలాంతర్గామి మ్యూజియం కూడా ఉంది, అదీ రష్యాలో చేసిందే. మనవడు వచ్చీరాగానే అన్నాడు: ‘‘తాతా, ఇది మన అరక్కోణందేనంట గదా? నువ్వు చూసినావా?’’

చూసినావా అంటే! పాతికేళ్లు చూసినాను.

వాడి బడిలో ఎగ్జిబిషన్ ఉండాది, దానికి ఈ విమానం బొమ్మ చేస్తానని పట్టు పట్టినాడు. కంప్యూటర్‌లో ఎవరో చూపించినారు, పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ కిట్టు ఉంటుందని. రష్యాలో జ్వెజ్దా అని ఒక కంపెనీ ఉంది, మాస్కో దగ్గర. వాళ్ల భాషలో ఆ మాటకు నక్షత్రం అని అర్థమంట. ట్యాంకులు, విమానాలు, ఓడలు అన్నీ చిన్నవి చేసి ముక్కలు ముక్కలుగా పెట్టెలో పెట్టి అమ్ముతారు. మనం కొని అతికించుకొని రంగు వేసుకోవాల. ప్రపంచంలో పెద్ద పెద్ద వాళ్లు, ముసలోళ్లు కూడా, దీనికి రాత్రింబగళ్లు కూర్చుంటారంట. మా అల్లుడు పవర్‌లూమ్‌లో పనిచేస్తాడు. ధర విని, ‘‘రెండు వేల ఎనిమిది వందలు పెట్టి ప్లాస్టిక్ బొమ్మా మామా? ఆ దుడ్డుతో ఫీజు కట్టొచ్చు’’ అన్నాడు. తప్పేమీ లేదు. కాని వాడి మొహం చూడలేక నేను మాట ఇచ్చేసినాను: ‘‘కొనేది వద్దు. మనమే చేద్దాం. రంగు నేను కలుపుతా. ముప్పై ఎనిమిదేళ్లు గుడ్డకు రంగేసినోడిని, ఒక బొమ్మకు వేయలేనా?’’

ఈ మాట గుర్తుపెట్టుకోండి.

బొమ్మ చేయడానికి ముందు కొలత చూసుకోవాల. కిట్టు చేసేవాళ్లు విమానాలకు 72వ వంతు, 48వ వంతు, ట్యాంకులకు 35వ వంతు అని కొలత పెట్టుకుంటారు. 72వ వంతు అంటే నిజం విమానంలో 72 సెంటీమీటర్లు ఉన్నది బొమ్మలో ఒక సెంటీమీటరు. నాలాంటి ఐదో తరగతివాడికి 72తో భాగహారం ఒక శిక్ష. అందుకని నేను నూరో వంతు పెట్టినాను. అప్పుడు మీటరుకు సెంటీమీటరు. భాగహారమే అక్కర్లేదు. టియు-142 రెక్కల ఈ చివరనుంచి ఆ చివరకు 50 మీటర్లు, అంటే బొమ్మకు 50 సెంటీమీటర్లు. ముక్కునుంచి తోకకు 53 మీటర్లు, బొమ్మకు 53. ఒళ్లు లావు దాదాపు మూడు మీటర్లు, బొమ్మకు మూడు సెంటీమీటర్లు. పంకా అడ్డం 5.6 మీటర్లు, బొమ్మకు 5.6 సెంటీమీటర్లు. పిల్లలకు దశాంశాలు నేర్పాలంటే ఇంతకన్నా మంచి పుస్తకం లేదు, వాడు రెండు రోజుల్లో పట్టేసినాడు.

ఒళ్లు చేయడానికి పాత క్యాలెండర్ కాగితాలు తీసుకొని, సన్నటి పైపు మీద మైదా జిగురుతో చుట్టలు చుట్టినాం. ఎనిమిది పొరలు. ఎండలో రెండు రోజులు. పైపు లాగేస్తే కర్రలాంటి గొట్టం. రెక్కలు టీవీ వచ్చిన అట్టపెట్టెలోవి, లోపల సైకిలు పుల్ల పెట్టినాం వంగకుండా. ఈ విమానం రెక్కలు నేరుగా ఉండవు, వెనక్కి వాలి ఉంటాయి, పక్షి దూకేటప్పుడు ఉన్నట్టు. ఆ వాలు రెండు పక్కలా సమంగా రాకుంటే బొమ్మ కుంటిదవుతుంది. అట్ట మీద సగం గీసి, మడిచి, రెండూ ఒకేసారి కత్తిరించమన్నాను. మన ఆడవాళ్లు జాకెట్టు కత్తిరించే పద్ధతే.

ఇంజన్లకే మన మిల్లు సరుకు పనికొచ్చింది. నూలు చుట్టే కాగితం కోన్లు ఇంట్లో పాతవి ఉన్నాయి, మా ఆవిడ వాటిలో అగరుబత్తీలు పెడుతుంది. ఆ కాగితం ఎంత గట్టిదో మనందరికీ తెలుసు. కాని కోను అట్లనే పెడితే లావు, ఇంజను ఒకటిన్నర సెంటీమీటరే. కోను నిలువుగా కోసి, నీళ్లలో ఒక పూట నానబెట్టి, పెన్సిలు మీద మళ్లీ సన్నగా చుట్టి దారంతో కట్టినాం. ఆరినాక దారం విప్పితే సొరకాయ మొనలాగా చక్కగా నిలిచింది. పంకా రెక్కలు కూల్‌డ్రింకు డబ్బా రేకుతో. ముప్పై రెండు! వాడు పదో రెక్కకే వేలు కోసుకున్నాడు. తర్వాత కత్తెర నేను పట్టినాను, వాడు లెక్కపెట్టినాడు. చక్రాలకు చొక్కా గుండీలు.

ఇక్కడ ఒక మాట. మన దగ్గర ఎందుకు ఎక్కువ రష్యా బొమ్మలే అంటే, మన సైన్యం వాడింది ఎక్కువ వాళ్ల నమూనాలే. మిగ్-21 విమానం 1963లో వచ్చి, 62 ఏళ్లు పనిచేసి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. మన జిల్లాలోనే ఆవడిలో ట్యాంకుల ఫ్యాక్టరీ ఉంది గదా, అక్కడ 1965లో మొదటిది ‘విజయంత’, అది ఇంగ్లాండు నమూనా. తర్వాత వచ్చిన టి-72కు ‘అజేయ’ అని, టి-90కు ‘భీష్మ’ అని పేరు పెట్టినారు, ఆ రెండూ రష్యావి. ఆవడిలో చేసిన మొదటి భీష్మలు 2009 ఆగస్టులో సైన్యానికి ఇచ్చినారు. తెలంగాణలో మెదక్ ఫ్యాక్టరీలో చేసే ‘శరత్’ బండి కూడా రష్యా బిఎంపి-2 నమూనాయే.

మా వీధి చివర ఒకాయన ఆవడిలో చేసి రిటైరైనాడు. మనవడికి టి-72 బొమ్మ కూడా ఆశ ఉండి, ఆయన్ని పోయి అడిగినాడు, ‘‘తాతా, లోపల ఎట్ల ఉంటాది?’’ అని. ఆయన, ‘‘ముగ్గురు కూర్చుంటారు’’ అన్నాడు. ఇంకా? ‘‘ఇరుకుగా కూర్చుంటారు.’’ అంతే. గుండు పెట్టే నాలుగో మనిషి అవసరం లేకుండా మిషనే పెడుతుంది, అందుకే ముగ్గురు అని పుస్తకాల్లోనే ఉంది, ఆ మాట కూడా ఆయన నోటినుంచి రాలేదు. ముప్పై ఏళ్లు చేసిన మనిషి, రిటైరై పదేళ్లైనా ఒక్క బోల్టు సంగతి చెప్పడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. మనవడికి మాత్రం కోపం.

ఇంక రంగు.

మా రోజుల్లో బిన్నీ ఖాకీ అంటే పేరు. మా పెద్దవాళ్లు ఆ గుడ్డ చూపించి, ‘‘రంగంటే అట్ల నిలవాల’’ అనేవాళ్లు. నేను పనిచేసింది వేరే మిల్లులో, అది మూతపడినాక చిన్న డయింగ్ యూనిట్లలో. జిగ్గర్ మీద మొదలుపెట్టి, షేడు చూసే మేస్త్రీగా రిటైరైనాను. శాంపిల్ గుడ్డ ఇటు, లాట్ గుడ్డ అటు పెట్టి, రెండూ ఒకటేనా కాదా అని చెప్పే పని. ఆ పనికి చదువు అక్కర్లేదు, కన్ను కావాల. కన్ను నాకు దేవుడిచ్చినాడని నా గర్వం.

చిన్న బొమ్మకు రంగు వేసేటప్పుడు కొన్ని తెలియాల. ముందు బొమ్మ ఒంటిమీద జిడ్డు పోవాల. ప్లాస్టిక్ కిట్టైతే సబ్బునీళ్లతో కడగాల, మాది కాగితం కాబట్టి సన్న ఉప్పుకాగితంతో రుద్ది, తెల్ల ప్రైమర్ కొట్టినాం. రంగు ఒకేసారి దట్టంగా పూస్తే గీతలు, జీరలు పూడిపోతాయి. పలచగా, మూడు నాలుగు సార్లు, ఒకటి ఆరినాకే ఇంకోటి. వాన ముసురులో స్ప్రే కొట్టకూడదు, తేమకు రంగు మీద తెల్లగా బూజులాగా తేలుతుంది. కిటికీ తెరిచి పెట్టుకోవాల, థిన్నర్ వాసన మంచిది కాదు. మన ఊపిరితిత్తులు మిల్లు దూదితోనే సగం నిండినాయి, మిగతా సగానికి థిన్నర్ ఎందుకు?

ఇంకొక కిటుకు. అసలు విమానానికి వేసే రంగే తెచ్చి బొమ్మకు వేస్తే నల్లగా కనిపిస్తుంది. ఎందుకంటే పెద్ద వస్తువును మనం దూరంనుంచి, గాలి దుమ్ము అడ్డం పెట్టుకొని చూస్తాం, రంగు వెలిసినట్టు కనపడుతుంది. బొమ్మను చేతిలో పెట్టుకొని చూస్తాం. అందుకని బొమ్మకు ఒక పాలు తెలుపు ఎక్కువ కలపాల.

అరక్కోణం విమానం లేత బూడిద రంగు. తెలుపులో నలుపు కలిపితే బూడిద వస్తుందని పిల్లలు కూడా చెప్తారు. కాని అట్ల వచ్చే బూడిదలో నీలం తొంగిచూస్తుంది. దాన్ని విరవాలంటే ఒక చుక్క పసుపో, కాఫీ రంగో పడాల. ఇది నాకు తెలియని విద్య కాదు. కాని ఆ రాత్రి నేను తెలుపూ నలుపూ కలిపి చూస్తే నా కంటికి బూడిద కనపడలేదు. మట్టి రంగు తిరిగినట్టు, పసుపు పడినట్టు అనిపించింది. సరే అని నీలం వేసినాను. చాలలేదు. ఇంకొంచెం వేసినాను. మనవడు విశాఖలో తీసిన ఫోటో పక్కన పెట్టి, ‘‘తాతా, ఇది చూసి కలుపు’’ అన్నాడు. ‘‘నాకు ఫోటో ఎందుకురా, పాతికేళ్లు నెత్తిమీద చూసినా’’ అన్నాను. నాకు సరిపోయిందాకా నీలం వేసి, పసుపు బల్బు కింద కూర్చొని రెండు చుట్లు పూసినాను. నా కంటికి అచ్చం అరక్కోణం విమానమే.

పొద్దున మా ఆవిడ కాఫీ గ్లాసుతో వచ్చి చూసి, ‘‘ఏందిది, ఆకాశం రంగు పూసినారే? కృష్ణుడి విమానమా?’’ అనింది. నాకు కోపం వచ్చింది. ‘‘నీకేం తెలుసు షేడు’’ అన్నాను. మనవడి వైపు తిరిగితే వాడు తల దించుకొని గుండీ చక్రాలు తిప్పుతాన్నాడు. వాడికి రాత్రే తెలుసు. తాత ఏమనుకుంటాడో అని అనలేదు.

ఎగ్జిబిషన్ రోజుకు వేరే రంగు వేసే టైము లేదు. నీలం విమానమే బడికి పోయింది. బహుమతి రాలేదు. రాలేదని వాడేమీ అనలేదు. ‘‘అందరూ పంకాలు తిప్పి చూసినారు తాతా’’ అని మాత్రం చెప్పినాడు. నేనేమో ఆ వారమంతా రాత్రులు నిద్రపోలేదు. ముప్పై ఎనిమిదేళ్ల కన్ను ఒక బొమ్మ దగ్గర ఎట్ల తప్పింది?

మా అమ్మాయే పట్టుబట్టి కంటి క్యాంపుకు తీసుకుపోయింది. డాక్టరమ్మ లైటు వేసి చూసి, రెండు కళ్లలోనూ శుక్లం ఉందనింది. ‘‘ఎన్నేళ్లుగా మసకగా ఉంది?’’ అని అడిగితే, ‘‘మసక లేదమ్మా, అక్షరాలు బాగానే కనపడతాయి’’ అన్నాను. ఆమె చెప్పింది ఇది. శుక్లం అంటే ఒక్కసారిగా పొర కమ్మడం మాత్రమే కాదు. కొందరికి కంటి లోపలి అద్దం ఏళ్ల తరబడి మెల్లగా పసుపు పడి, తర్వాత టీ రంగుకు వస్తుంది. ఆ అద్దంలోంచి నీలం సరిగా లోపలికి రాదు. రోజుకు కొంచెం మారుతుంది కాబట్టి మనిషికి తెలియదు. ‘‘మీరేం పని చేసేవాళ్లు?’’ అనింది. రంగులు చూసే పని అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కుడికంటికి ముందు చేసినారు. నొప్పి లేదు, పావుగంట కూడా పట్టలేదు. మరునాడు కట్టు విప్పితే ఎదురుగా గోడ. అంత తెల్లటి గోడ నేను ఎన్నేళ్లనుంచి చూడలేదో. ఇంటికొచ్చి మా ఆవిడ చీర నల్లదనుకున్నది ముదురు నీలం అని అప్పుడు తెలిసింది. ఒక కన్ను మూసి చూస్తే నీలం, ఇంకో కన్ను మూసి చూస్తే టీ డికాషన్. చిన్నపిల్లాడి మాదిరి పూటంతా అట్లనే కన్ను మార్చి కన్ను మూసి చూసినాను. తర్వాత ఆ విమానం కిందికి దించి చూసినాను. కొత్త కంటికి అది అచ్చంగా మంగళసూత్రం పెట్టె మీద అద్దిన నీలం కాగితం రంగు. పాత కంటికి, అయ్యా, చక్కటి లేత బూడిద.

అప్పుడు గుర్తుకొచ్చింది ఆ లాటు.

రిటైరయ్యే ముందు సంవత్సరం. ఒక డయింగ్ యూనిట్‌లో ఉన్నాను, పేరు వద్దు. స్కూలు యూనిఫారం గుడ్డ, బూడిద రంగు, పెద్ద ఆర్డరు. నా కింద ఒక అబ్బాయి రంగులు తూకం వేసేవాడు, పళ్లిపట్టు పక్కనుంచి వచ్చినోడు, ఇరవై రెండు ఇరవై మూడేళ్లుంటాయి. లాటు దిగినాక శాంపిల్ పక్కన పెట్టి, ‘‘సరిపోయింది, పంపించు’’ అన్నాను. ఆ అబ్బాయి, ‘‘మేస్త్రీ, నీలం ఎక్కువైనట్టుంది, ఎండలో ఒకసారి చూస్తారా’’ అన్నాడు. షేడు ఎప్పుడూ పగటి వెలుతుర్లో చూడాలని, ట్యూబులైటు కింద ఒకటిగా కనిపించిన రెండు గుడ్డలు ఎండలో వేరైపోతాయని వాడికి నేర్పింది నేనే. ఎండలోకి పోయి చూసినాను కూడా. నాకు రెండూ ఒకటే. ‘‘నిన్నగాక మొన్న వచ్చినోడివి, నాకు చెప్తావా’’ అని నలుగురి ముందర కసిరినాను. లాటంతా తిరిగి వచ్చింది. ఓనరు అడిగినాడు. నేను, తూకం తప్పింది అన్నాను. నేను అబద్ధం చెప్తున్నాననుకోలేదు, నా కన్ను తప్పదు కాబట్టి తూకమే తప్పి ఉండాలనుకున్నాను. ఆ శనివారమే ఆ అబ్బాయిని లెక్క తీర్చి పంపించినారు. వాడు గేటు దగ్గర నిలబడి నా వైపు చూసినాడు. నేను లోపలికి పోయినాను.

రెండో కన్ను ఆపరేషన్ అయ్యిందాకా ఆగి, వాణ్ని వెతికినాను. మన కాలనీల్లో మనిషిని వెతకడం ఎంతసేపు, నాలుగు టీ కొట్లు. పొదటూరుపేటలో మగ్గాల దగ్గర ఉన్నాడని చెప్పినారు. తిరుత్తణిలో దిగి బస్సెక్కి పోయినాను. పెళ్లైంది, ఇద్దరు పిల్లలు. నన్ను చూసి లేచి, ‘‘రండి మేస్త్రీ’’ అని కుర్చీ వేసినాడు. నేను దారిపొడుగునా పేర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ‘‘నాయనా, ఆ లాటు... తూకం తప్పలేదు. నా కన్ను తప్పింది. ఇప్పుడే ఆపరేషన్ అయింది’’ అన్నాను.

వాడు కాసేపు మగ్గం వైపు చూసినాడు. ‘‘మాకు అప్పుడే తెలుసు మేస్త్రీ’’ అన్నాడు. ‘‘మీరు నీలం దారం అడిగి నల్లది తీసుకొని పోయేవాళ్లు. మేము మాట్లాడుకునేవాళ్లం. మీతో చెప్పేదెవరు?’’

కోపం ఉందా అని నేను అడగలేదు, వాడు చెప్పలేదు. ఆ తర్వాత వాడికి ఎనిమిది నెలలు సరైన పని దొరకలేదని వాడి భార్య చెప్పింది, టీ ఇస్తూ. మెల్లగానే చెప్పింది. ఆ ఎనిమిది నెలలకు నా దగ్గర ఏముంది ఇవ్వడానికి? ఆ యూనిట్ ఓనరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పినాను. ‘‘ఇప్పుడెందుకు మేస్త్రీ అవన్నీ’’ అన్నాడు. ఆ అబ్బాయికి మాత్రం ఒక చిన్న పని జరిగింది. తిరువళ్లూరులో నాకు తెలిసిన ఒక డయింగ్ వాళ్లకు షేడు చూసేవాడు కావాలంటే, వాడి పేరు చెప్పి, పాత లాటు కథ కూడా దాచకుండా చెప్పినాను. రెండు నెలలనుంచి అక్కడికి వస్తున్నాడు. జీతం మగ్గం కన్నా కొంచెం మేలు.

పోయిన ఆదివారం వాడు మా ఇంటికి వచ్చినాడు. మనవడు కూడా సెలవుకు వచ్చి ఉన్నాడు. విమానం కిందికి దించినాం. వేపచెట్టు కింద, పొద్దున పది గంటల వెలుతుర్లో, విశాఖ ఫోటో పక్కన పెట్టుకొని ముగ్గురం కూర్చున్నాం. నేను తెలుపులో నలుపు కలిపినాను. కొత్త కళ్లకు అందులో నీలం స్పష్టంగా కనపడింది. ‘‘ఇప్పుడేం వేయాల?’’ అని వాణ్ని అడిగినాను. ‘‘మీరే నేర్పినారు గదా మేస్త్రీ’’ అని నవ్వి, పుల్ల మొనతో ఒక చుక్క పసుపు వేసి కలిపినాడు. మనవడు ఫోటో మీద ఒక బొట్టు పెట్టి చూసినాడు. బొట్టు ఫోటోలో కలిసిపోయింది.

నీలం మీద మూడు చుట్లు పలచగా వేసినాం. రెక్కల మీద మన గుర్తు, బయట కాషాయం, మధ్యలో తెలుపు, నడిమికి పచ్చ, కంపాసుతో మనవడే గీసి అతికించినాడు. ఒక రెక్క కింద వాడు కావాలని కొంచెం నీలం వదిలేసినాడు, రూపాయి బిళ్లంత. పూయమంటే, ‘‘ఉండనీ తాతా’’ అన్నాడు. ఉండనిచ్చినాను. ఇంటికి వచ్చినవాళ్లు కింద నిలబడి పైకి చూస్తే కనపడుతుంది.

యాభై దాటిన మేస్త్రీలు, మగ్గం మీద ఉన్నవాళ్లు, టైలర్లు, మన పేజీ చదివేవాళ్లు ఎవరైనా సరే, ఒక తెల్ల కాగితం ఎండలో పెట్టి ఒక్కో కన్ను మూసుకొని చూడండి. రెండు కళ్లకు రెండు రకాల తెలుపు కనపడితే కంటి డాక్టరు దగ్గరికి పోండి. రెండింటికీ ఒకే తెలుపు కనపడితే కూడా పోండి, నాకు రెండూ ఒకేసారి పాడైనాయి కాబట్టి తేడా తెలియలేదు. జిల్లా ఆసుపత్రిలో ఈ ఆపరేషన్‌కు డబ్బు తీసుకోరు. ఆధార్, రేషన్ కార్డు పట్టుకొని పోండి.

టి-72 సంగతి అడుగుతారేమో. మనవడు మొదలుపెట్టినాడు. అగ్గిపెట్టెలు, సైకిలు చైను. ఆవడి తాత మొన్న సాయంత్రం మా గేటు దగ్గర నిలబడి చాలాసేపు చూసి, ‘‘చక్రాలు ఐదు కాదు, ఆరు’’ అని చెప్పి వెళ్లిపోయినాడు.